తాష్కెంటులో తెగిన రీలు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలిచ్చారు. ఉదయం నుంచి డి.ఎ. బకాయిల గురించీ, వైద్య సదుపాయాల గురించీ విని అందరూ అలసిపోయారు గనుక భోజనాల ముందు మీ విదేశయాత్రా విశేషాలు నాలుగు చెప్పండి అన్నారు. నేను విదేశం వెళ్లింది ఒక్కసారే. చూసినవి చాలానే ఉన్నా, ఆ యాత్ర మాటెత్తగానే మా ఇంట్లో అందరికీ గుర్తొచ్చేది మాత్రం నన్ను పోలీసులు పట్టుకోవడమే. పెళ్లిళ్లలో, పేరంటాల్లో బంధువులు చెప్పించుకుని నవ్వుకున్న కథే ఇది. అయితే అందులో సగమే ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. మిగతా సగం రైల్వేవాళ్ల ముందు చెప్పవలసినది. మా ఆవిడ మూడో వరుసలో కూర్చుని ఉంది. తప్పు చెబితే అక్కణ్ణుంచే సరిదిద్దుతుంది.

నేను 2004 జూన్ నెలాఖరున రిటైరయ్యాను. అప్పటికి మా అల్లుడు ఒక మందుల కంపెనీ తరఫున ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంటులో ఉద్యోగం చేస్తున్నాడు. మన హైదరాబాదు మందులు ఆ దేశాల్లో బాగా పోతాయి. అమ్మాయి, మూడేళ్ల మనవరాలు అక్కడే ఉన్నారు. "నాన్నా, ఇప్పుడు కూడా సెలవు లేదంటావా?" అని అమ్మాయి ఫోనులో అడిగింది. ఆ మాటకు జవాబు లేక అక్టోబరులో ఇద్దరం బయల్దేరాం. ఢిల్లీ నుంచి విమానంలో సుమారు మూడు గంటలు. ఇక్కణ్ణుంచి ఢిల్లీకి రైల్లో పోవడానికి పట్టిన కాలంలో ఎనిమిదో వంతు కూడా కాదు.

బయల్దేరే ముందు మా ఊరు వెళ్లి నాన్నగారికి చెప్పాను. జడ్చర్ల దగ్గర పల్లె మాది. అప్పటికి ఆయనకు 82 ఏళ్లు. మనిషి గట్టివాడే గాని కళ్లు మసకబారాయి. తాష్కెంటు అనగానే మంచం మీద లేచి కూర్చున్నారు.

"ఆడ్నే గదరా శాస్త్రి సారు పానం ఇడ్సింది" అన్నారు.

"అవును నాన్నా."

"ఆయన బొమ్మ ఉంటదేమో సూడు. ఉంటే ఫోటువ దింపుకరా."

నాన్నగారు నన్ను ఏదైనా తెమ్మని అడగడం నా ఎరుకలో అదే మొదటిసారి. ఎందుకడిగారో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నాన్నగారు రైల్వేలో గాంగ్‌మన్. 1956 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి జడ్చర్ల, మహబూబ్‌నగర్ స్టేషన్ల మధ్య వంతెన కూలి పాసింజరు బండి పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. ఇక్కడున్న పెద్దవాళ్లలో కొందరికి ఆ సంగతి గుర్తుండే ఉంటుంది. అప్పటికింకా ఆంధ్రప్రదేశ్ ఏర్పడలేదు, మన దక్షిణ మధ్య రైల్వే అసలే లేదు. అది మీటర్ గేజ్ లైను, సెంట్రల్ రైల్వే కింద ఉండేది. నాకు 12 ఏళ్లు. నాన్నగారిని ఆ రాత్రే పిలుచుకుపోయారు. మూడోనాడు వచ్చారు. వచ్చి బావి దగ్గర చాలాసేపు నీళ్లు పోసుకున్నారు. అమ్మ అన్నం పెడితే ముట్టలేదు. ఆ తర్వాత ఎన్నో రోజులు మా ఇంట్లో గుసగుసలే. ప్రమాదం తప్పు ఎవరిమీద పడుతుందోనని గాంగులో ప్రతివాడికీ గుండెలో దడ. కిందివాడి మెడకే ఉరి బిగుస్తుందనే భయం అది. ఆ భయం ఎలాంటిదో ఈ సభలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

అప్పుడే తెలిసింది, రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు ఆ ప్రమాదానికి బాధ్యత తనదేనని రాజీనామా ఇచ్చారని. నెహ్రూగారు ఆమోదించలేదు. మళ్లీ అదే ఏడు నవంబరులో మద్రాసు రాష్ట్రం అరియలూరు దగ్గర 140 మందికి పైగా పోయిన ప్రమాదం జరిగింది. ఈసారి శాస్త్రిగారు పట్టుబట్టి తప్పుకున్నారు. గాంగులో చదువు వచ్చినవాడు ఒక్కడే ఉండేవాడు. అతను పేపరు చదివి వినిపిస్తే నాన్నగారు ఇంటికి వచ్చి అమ్మతో చెప్పడం నేను విన్నాను. "పెద్దాయన మీదేస్కున్నడు" అన్నారు. అంతే. ఆ రోజు అన్నం తిన్నారు.

శాస్త్రిగారు ప్రధాని కావడం, 1965 యుద్ధం, 1966 జనవరి 10న తాష్కెంటులో కొసిగిన్ సమక్షంలో అయూబ్ ఖాన్‌తో ఒప్పందం మీద సంతకం, ఆ రాత్రి దాటకుండానే మరణం, ఇవన్నీ మీకు తెలిసినవే. ఆ వార్త వచ్చిన ఉదయం నేను ఏ.ఎస్.ఎం. ట్రైనింగులో ఉన్నాను. శవపేటికను కొసిగిన్, అయూబ్ ఖాన్ భుజం పట్టి మోసిన ఫోటో పేపర్లో వచ్చింది. నాన్నగారు ఆ కాగితం ముక్క చాలా ఏళ్లు దాచుకున్నారు. చివరికి చెదలు తినేశాయి.

ఇక తాష్కెంటు. చక్కని ఊరు. వెడల్పు రోడ్లు, చెట్లు, పక్కనే కాలువలు. 1966 ఏప్రిల్ 26 తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో మూడు లక్షలమందికి ఇళ్లు లేకుండా పోయాయట. ఆ తర్వాత సోవియట్ దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చి కట్టిన నగరం అది. పుచ్చకాయల రుచి, వేడివేడి రొట్టెలు, సమర్కండ్ నీలి గుమ్మటాలు, ఉలుగ్ బేగ్ పదిహేనో శతాబ్దంలో కట్టించిన నక్షత్రశాల, ఇవన్నీ చెప్పాలంటే మరో సమావేశం పెట్టాలి. హిందీ సినిమాలంటే అక్కడివాళ్లకు ప్రాణం. చీర కట్టుకున్న మా ఆవిడను చూసి సంతలో ముసలమ్మలు చెయ్యి పట్టుకుని రాజ్ కపూర్ పాటలు అందుకునేవారు.

నా దగ్గర యాషికా ఎం.ఎఫ్.-2 కెమెరా ఉండేది. ఇప్పటి పిల్లలకు తెలియదు గాని అందులో 36 ఫోటోల రీలు వేయాలి, ఒక్కొక్కటీ లెక్క చూసుకుని నొక్కాలి. మొదటి రీలు సమర్కండ్‌లో అయిపోయింది. రెండోది ఇంటి దగ్గర మనవరాలి ఫోటోలతో మొదలుపెట్టాను. తిరుగు ప్రయాణం నాడు, రాత్రి విమానం, ఉదయం అల్లుడు మమ్మల్ని శాస్త్రిగారి విగ్రహం దగ్గర దింపాడు. శాస్త్రిగారి పేరుతో అక్కడ ఒక వీధి ఉంది. ఆయన పేరుమీద బడి కూడా ఉంది, దానిలో ఉజ్బెక్ పిల్లలకు హిందీ నేర్పుతారు. దిమ్మె మీద ఛాతీ వరకు ఉన్న విగ్రహం. మా ఆవిడ పూలు పెట్టింది. నాన్నగారి కోసమని ముందునుంచి, పక్కనుంచి, దగ్గరనుంచి, దూరంనుంచి పన్నెండు ఫోటోలు తీశాను. కళ్లు సరిగా ఆనవు గదా, మొహం పెద్దగా పడాలని రెండు మరీ దగ్గరనుంచి తీశాను.

మధ్యాహ్నం తానే వచ్చి తీసుకెళ్తానని అల్లుడు ఫోను నంబరు రాసిచ్చాడు. అక్కర్లేదు, మెట్రోలో వచ్చేస్తాం అన్నాను. ముప్ఫై తొమ్మిదేళ్లు రైల్వేలో చేసినవాడికి రైలెక్కడం ఇంకొకరు నేర్పాలా అనే గర్వం. అతను వెళ్తూ వెళ్తూ ఏదో చెప్పబోయాడు. వెనక కారువాడు హారన్ కొట్టడంతో వెళ్లిపోయాడు. ఏం చెప్పబోయాడో రెండు గంటల తర్వాత తెలిసింది.

తాష్కెంటు మెట్రో 1977 నవంబరులో మొదలైంది. మధ్య ఆసియాలో అదే మొదటిది. స్టేషన్లు చూస్తే నాబోటివాడికి మతి పోతుంది. మన స్టేషన్లలో కిళ్లీ మరకలు పడే చోట అక్కడ పాలరాయి. ఒకచోట పైకప్పంతా మసీదు గుమ్మటాల్లా తీర్చారు, అది అలిషేర్ నవాయి అనే కవి పేరు పెట్టిన స్టేషను. మరో స్టేషను నిండా అంతరిక్ష యాత్రికులే. నీలిరంగు గోడల మీద గగారిన్, వాలెంతీనా తెరష్కోవా, ఉలుగ్ బేగ్ కూడా. అప్పట్లో నీలిరంగు ప్లాస్టిక్ బిళ్ల వేసి లోపలికి పోవాల్సి ఉండేది. ప్లాట్‌ఫారం చివర ఒక గడియారం ఉంటుంది. ముందు బండి వెళ్లి ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు అయిందో చూపిస్తుంది. బండి వెళ్లగానే మళ్లీ సున్నాకొస్తుంది. లైన్ క్లియరు కోసం బ్లాకు పరికరం ముందు జీవితం గడిపిన నేను ఆ గడియారాన్ని చూసి పసివాడినైపోయాను. పట్టాల వెడల్పు 1520 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజ్ కన్నా ఆరంగుళాలు తక్కువ. పక్కన మూడో పట్టా నుంచి కరెంటు. మన సంఘంలో ఇంజనీరింగువాళ్లకు చూపిద్దామని ఫ్లాష్ పైకి లేపి, గడియారం, పట్టాలు కలిసి వచ్చేలా నొక్కాను. ముప్ఫై ఒకటో ఫోటో.

ఏ స్టేషనో పేరు చెప్పను. అవసరం లేదు.

సొరంగంలాంటి చోట ఫ్లాష్ వెలిగితే మెరుపు మెరిసినట్టే. ఎక్కణ్ణుంచి వచ్చాడో ఆకుపచ్చ దుస్తుల కుర్ర పోలీసు ఒకడు పరుగెత్తుకొచ్చాడు. కెమెరా మీద చెయ్యి వేశాడు. నేను వదల్లేదు. నా తప్పు అది, వదిలి ఉండాల్సింది. అతను లాక్కుని వెనక తలుపు తెరిచాడు. రీలు పట్టుకుని చేతికందినంత బయటికి లాగాడు. మీలో రీలు కెమెరా వాడినవారికి తెలుసు, కొత్తగా తీసిన బొమ్మలు చుట్టలో పైన ఉంటాయి. పైన ఉన్నవి శాస్త్రిగారు. ఆ వెలుతురులో ఫిల్ము కాఫీరంగు రిబ్బనులా నా కళ్లముందు వేలాడింది. దాన్ని పట్టుకుని తెంపేశాడు.

ఇంతలో పెద్ద వయసు పోలీసు ఒకాయన వచ్చి కుర్రవాణ్ణి ఏదో అన్నాడు. అతను ఆగాడు. మిగిలింది నేను తలుపు మూసి, కోటు కింద పెట్టుకుని, చేతులు వణుకుతుండగా వెనక్కి తిప్పుకున్నాను. ఇద్దరినీ మెట్ల కింద ఒక చిన్న గదిలోకి తీసుకెళ్లారు. బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు ఫోను. మా ఆవిడ అప్పటికే ఏడుపు మొదలుపెట్టింది. "ఏమండీ, విమానం..." అంటోంది. నాకు వాళ్ల భాష రాదు, వాళ్లకు ఇంగ్లీషు రాదు. పాస్‌పోర్టు అడిగారని అర్థమైంది. ఇచ్చాను. విదేశీయులు ఎవరింట్లో దిగినా పోలీసు రిజిస్ట్రేషను చేయించుకోవాలనే నిబంధన అప్పుడు అక్కడ ఉండేది. ఆ కాగితం అల్లుడు ముందే చేయించి పాస్‌పోర్టులో పెట్టాడు. దాన్ని చూశాక పెద్దాయన ముఖం కాస్త సడలింది. మా ఆవిడ చేతిసంచిలోంచి అల్లుడి నంబరు తీసి బల్లమీద పెట్టింది. ఆ సమయంలో బుర్ర పనిచేసింది మా ఇద్దరిలో ఆవిడకే. పెద్దాయన తానే ఫోను చేసి మాట్లాడాడు.

అల్లుడు రావడానికి గంటకు పైగా పట్టింది. ఆ గంటలో నాకు గుర్తొచ్చినదే నేను ఇన్నాళ్లూ చెప్పని సగం.

1972లో నేను ఒక నది ఒడ్డు స్టేషనులో ఏ.ఎస్.ఎం.గా ఉన్నాను. అంతకు రెండు నెలల ముందే బంగ్లాదేశ్ యుద్ధం ముగిసింది. వంతెన దగ్గర ఫోటోలు తీయరాదనే బోర్డు ఉండేది. ఒక మధ్యాహ్నం తెల్లజాతి కుర్రాడొకడు వంతెన దిక్కున నిలబడి ఆవిరి ఇంజను వస్తుంటే ఫోటో తీస్తున్నాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. ఇంజన్ల పిచ్చితో దేశాలు పట్టి తిరిగేవాళ్లు ఆ రోజుల్లో వస్తూనే ఉండేవారు. నాకా సంగతి తెలుసు. తెలిసే ఆర్.పి.ఎఫ్. జవానును పిలిచాను. కెమెరా తెరవమని చెప్పింది జవాను కాదు, నేను. రీలు మొత్తం లాగేయించాను. ఆ కుర్రాడు అరవలేదు. ఇంగ్లీషులో మెల్లగా, అందులో బర్మా సరిహద్దు దాకా తీసినవి ఉన్నాయండీ, అన్నీ ఇంజన్లే, చూపిస్తాను, కడిగించి చూడండి అన్నాడు. నిబంధన నిబంధనే అన్నాను. సాయంత్రం పాసింజరు దాకా బెంచీ మీద కూర్చున్నాడు. ఒకసారి వచ్చి మంచినీళ్లు అడిగాడు. పోర్టరు చేత ఇప్పించాను. నేను గదిలోంచి బయటికి రాలేదు. డైరీలో రాసుకున్నాను, తర్వాత తనిఖీకి వచ్చిన ఇనస్పెక్టరు చదివి శభాష్ అన్నాడు. ఆ శభాష్ చాలా ఏళ్లు నాకు తీపిగానే ఉండేది.

తాష్కెంటు గదిలో కుర్చీ మీద కూర్చుని ఆ కుర్రాడి మొహం గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాను. రాలేదు. నీళ్లు తాగిన గ్లాసు తిరిగి ఇస్తూ కృతజ్ఞతలు చెప్పిన గొంతు మాత్రం గుర్తొచ్చింది.

అల్లుడు రొప్పుతూ వచ్చాడు. "మామయ్యగారూ, పొద్దున చెబుదామనుకున్నది ఇదే" అన్నాడు. ఆ మెట్రో స్టేషన్లు యుద్ధం వస్తే జనం తలదాచుకునే ఆశ్రయాలుగా కూడా కట్టినవట. అందుకని మొదటినుంచీ ఫోటోలు నిషేధం. అదీగాక ఆ ఏడు మార్చి ఆఖర్లో, మళ్లీ జూలైలో తాష్కెంటులో బాంబు పేలుళ్లు జరిగాయి. పోలీసులు నిద్రలేకుండా ఉన్న కాలం. అలాంటప్పుడు పరాయి దేశస్థుడొకడు పట్టాల వైపు, గడియారం వైపు కెమెరా పెడితే ఏమనుకోవాలి? సెకన్లతో సహా బండ్ల రాకపోకల లెక్క అది! మనమైనా ఏమనుకునేవాళ్లం?

ఒక కాగితం రాయించుకున్నారు. అల్లుడు రాశాడు, నేను సంతకం పెట్టాను. డబ్బు ఊసు ఎవరూ ఎత్తలేదు, అది కూడా చెప్పాలి. అప్పుడు నేను అల్లుడితో, పోయిన ఫోటోలు దేనివో, ఎవరికోసమో వాళ్లకు చెప్పమన్నాను. ప్రయోజనం ఉంటుందని కాదు. శాస్త్రి అన్న మాట వినగానే పెద్దాయన తలెత్తాడు. అల్లుడు రైల్వే మంత్రి సంగతి, మా నాన్నగారి సంగతి చెప్పుకుంటూ పోతుంటే వింటూ కూర్చున్నాడు. 1966లో ఆయనకు పదేళ్లట. జనవరిలో మీ ప్రధాని పోయారు, ఏప్రిల్లో మా ఇల్లు పోయింది, మా అమ్మ ఆ రెండూ కలిపే చెప్పేది అన్నాడు. ఆ తర్వాత పిడిలేని చిన్న గిన్నెల్లో పచ్చటీ పోసి ఇచ్చాడు. కుర్ర పోలీసు మాత్రం తలుపు దగ్గరే నిలబడి నా వంక చూడకుండా గోడవైపు చూస్తున్నాడు. వెళ్లేటప్పుడు నేనే అతని దగ్గరికి వెళ్లి భుజం తట్టాను. అతనికి అర్థమై ఉండదు. అర్థం కావాలని కూడా కాదు.

బయటికి వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర. పెట్టెలు సర్దాలి, మనవరాలికి జ్వరం, రాత్రికి విమానం. విగ్రహం ఊళ్లో మరో వైపు. ఇక పోనీలే, నాన్నకు ఏదో చెబుదాం అన్నాను. అప్పుడు మా ఆవిడ, ఇందాకటిదాకా విమానం విమానమని ఏడ్చిన మనిషి, "పోతే పోయిందిలెండి విమానం, పదండి" అంది. దారిలో రీలు కొన్నాం. వెళ్లేసరికి అక్టోబరు పొద్దు వాలిపోయింది. ఫ్లాష్ వేసి నాలుగు తీశాను. ఉదయం పెట్టిన పూలు అక్కడే ఉన్నాయి. విమానం అందింది, చెమటలు కక్కుకుంటూ అందుకున్నాం.

ఇక్కడికొచ్చాక స్టూడియోలో కడిగించాను. తెగిన రీల్లో మొదటి ఏడు ఫోటోలు దక్కాయి, మనవరాలివి, అంచుల్లో నిప్పంటుకున్నట్టు నారింజ మరకలతో. మిగతా నెగెటివంతా నల్లబొగ్గు. సాయంత్రం తీసిన నాలుగింటిలో మూడు చీకటి. ఒకదాంట్లో ఫ్లాష్ వెలుగు శాస్త్రిగారి నుదుటి మీద పడి తెల్లగా మెరిసింది. కన్ను, ముక్కు ఆనవు. టోపీ, భుజాలు తెలుస్తాయి.

దాన్నే పెద్దది చేయించి ఊరికి తీసుకెళ్లాను. నాన్నగారు కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశారు. "టోపీ సక్కగ పడ్డది" అన్నారు. పోలీసుల సంగతి అప్పటికే మా తమ్ముడు చెప్పేశాడు.

"సొరంగంల నిన్నెవడు దింపమన్నడు? ఆ పోరగానిది తప్పేమున్నది?" అన్నారు.

లేదు నాన్నా అన్నాను. 1972 నాటి కుర్రాడి సంగతి ఆయనకు అప్పుడు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, "నీళ్లిచ్చినవా?" అని అడిగారు. పోర్టరు ఇచ్చాడన్నాను. మళ్లీ మాట్లాడలేదు.

పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లేవారు మనలో ఇప్పుడు చాలామంది ఉన్నారు గనుక రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను. మనకు మామూలనిపించేది పరదేశంలో నేరం కావచ్చు. 2001 నవంబరులో గ్రీసులోని కలమాటా దగ్గర వైమానిక స్థావరంలో ప్రదర్శనకు వెళ్లి విమానాల నంబర్లు రాసుకుంటున్న పద్నాలుగుమంది బ్రిటిషు, డచ్చి ఔత్సాహికులను గూఢచారులని పట్టుకున్నారు. మరుసటి ఏడు ఏప్రిల్లో శిక్ష కూడా వేశారు, నవంబరులో గాని పై కోర్టు కొట్టివేయలేదు. పాపం వాళ్లది ఆ సరదా అంతే. గల్ఫ్ వెళ్లేవారు మరీ జాగ్రత్త. యు.ఎ.ఇ.లో ఎదుటివారి అనుమతి లేకుండా ఫోటో తీయడమే నేరం. కెమెరా బొమ్మకు అడ్డగీత ఉన్న బోర్డు కోసం ముందు చూడండి, కనిపించకపోతే యూనిఫారంలో ఉన్నవాణ్ణి సైగతో అడగండి. పట్టుకుంటే గుంజులాడకండి, నాలాగ. నోట్లు చూపించకండి. పిల్లల ఫోను నంబరు సెల్‌ఫోనులోనే కాక కాగితం మీద కూడా ఉండాలి, వీలైతే భార్య చేతిసంచిలో. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం పరదేశంలో నిర్బంధించినవారికి తమ దేశపు దౌత్య కార్యాలయానికి కబురు పంపమని అడిగే హక్కుంది. ఆ మాట మర్యాదగా అడగవచ్చు. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నవంబరు నెలలో మాత్రం ఎవరూ పోలీసులకు చిక్కకండి!

తాష్కెంటు మెట్రోలో ఫోటోల నిషేధం 2018లో ఎత్తేశారు. అప్పటి మూడేళ్ల మనవరాలు ఇప్పుడు ఉద్యోగస్థురాలు. పోయిన ఏడాది స్నేహితులతో ఆ ఊరు వెళ్లి, అంతరిక్షం స్టేషనులో నిలబడి నలభై ఫోటోలు నా సెల్‌ఫోనుకు పంపింది. ఒకదాంట్లో వెనకాల ఆకుపచ్చ దుస్తుల పోలీసు ఉన్నాడు, అటు తిరిగి నిలబడి. శాస్త్రిగారి విగ్రహం ఫోటో కూడా పంపింది, కనుబొమలతో సహా స్పష్టంగా ఉంది.

నాన్నగారు 2009లో కాలం చేశారు. ఆయన రేకుపెట్టెలో పి.ఎఫ్. కాగితాల కింద నేనిచ్చిన ఫోటో దొరికింది, పాతపంచె ముక్కలో చుట్టి. ఇవాళ దాన్ని వెంట తెచ్చాను. మనవరాలు తీసింది కూడా పక్కన పెట్టాను. రెండూ అక్కడ రిజిస్టరు బల్లమీద ఉన్నాయి. భోజనాలకు వెళ్లే దారిలోనే గనుక చూడదలచినవారు చూడవచ్చు. పాతదాన్ని మాత్రం అంచులు పట్టుకుని చూడండి, పెళుసుగా ఉంది.